ఆలివ్ నూనె రాసిన చేతులు

చలికి చర్మం పగలకుండా ఆలివ్ నూనె, తేనెమైనం కలిపి క్రీము నేనే చేసుకుంటాను. కనపడ్డవాళ్లందరికీ అది రాసెయ్యడం నాకో జబ్బుగా ఉండేది. ఆ ఉదయం గుడివాడలో బందరు బస్సెక్కితే, పక్క సీటులో ఒకామె వేళ్లు నెర్రెలిచ్చి ఉన్నాయి. అడగనైనా అడక్కుండా రెండు చేతులూ లాక్కుని రాసేశాను.

"హాయిగా ఉందండీ" అంది. తర్వాత ఆ చేతులు దేనికీ తగలకుండా ఒడికి పైన గాల్లోకి పట్టుకునే కూర్చుంది.

"ఎక్కడిదాకా అమ్మా?"

"రొయ్యల షెడ్డుకండీ. పొట్టు తీస్తాను."

"అయితే రోజూ రాసుకోవాలి ఇలాంటిది."

"రాసుకోనివ్వరండీ. గేటు దగ్గర చేతులు వాసన చూస్తారు. నూనె తగిలిందంటే ఆ పూట పనిలేదు."

గతుక్కుమన్నాను. "ముందే చెప్పొచ్చుగా!"

"అంత ప్రేమగా రాస్తుంటే ఎలా చెప్పమంటారండీ?"

గుడ్లవల్లేరులో దిగి వెనక్కి చూశాను. కిటికీలోంచి చేతులు బయటపెట్టి, తాగే నీళ్లు పోసుకుని గరగరా తోముకుంటోంది. నూనె నీళ్లకు లొంగుతుందా? నన్ను చూడగానే నవ్వేసి, ఆ చేతులు కొంగు కింద దాచేసుకుంది.