ఏడో నంబరు గ్రీను మీద మంచు

నా చిన్నప్పుడు నాకు జరిగిన అన్యాయాలన్నీ వరసగా చెప్పమంటే ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. ఏడో నంబరు గ్రీను వాటిలో మొదటిది కాదు, కానీ అన్నిటికంటే పెద్దది. డెబ్బైకి దగ్గరపడ్డాను. చాలా మరిచిపోయాను, మందులు వేసుకున్నానో లేదో కూడా గుర్తుండడం లేదు. అది మాత్రం నిన్న జరిగినట్టే ఉంది.

రాజమండ్రి బయట అప్పట్లో ఒక ఫ్యాక్టరీ ఉండేది. దాని ఆఫీసర్ల క్లబ్బుకి తొమ్మిది గుంటల గోల్ఫు మైదానం ఉండేది. మా తాతయ్య, అంటే మా అమ్మ నాన్నగారు, అక్కడ హెడ్ మాలీ. బంతిని దూరం నుంచి కర్రతో కొట్టుకుంటూ వచ్చి చివరికి ఒక చిన్న గుంటలో పడెయ్యడమే ఆ ఆట. ఆ గుంట చుట్టూ చాప పరిచినట్టు నున్నగా కోసి ఉంచిన గడ్డిని గ్రీను అనేవారు. మైదానం పరువంతా ఆ తొమ్మిది గ్రీన్లలోనే ఉండేది. ఆ గడ్డి ఏ దేశం నుంచో తెచ్చింది కాదు, మన గరికే. మైదానానికి అవతల కాలవ, కాలవ దాటితే వరి చేలు. గట్టు మీద వెళ్ళే రైతులు ఆగి, "మేం పీకలేక చస్తున్నదాన్ని మీరు కూర్చోబెట్టి పెంచుతున్నారేంటండీ" అని ఆటపట్టించేవారు. "మీ చేలో కూడా ఒక గుంట తవ్వండి, మా ఆఫీసర్లని పంపిస్తాను" అని తాతయ్య నవ్వేవారు.

ఎండాకాలం కంటే, వానాకాలం కంటే తాతయ్యకి చలికాలమే ఎక్కువ పని. కార్తీకం వెళ్ళేసరికి గరిక ఎదగడం మానేస్తుంది. మిషనుతో కురచగా కోస్తే మళ్ళీ లేవదు. రాత్రంతా కురిసిన మంచు పొద్దెక్కేదాకా ఆకుల మీదే నిలిస్తే బూజు పట్టి గారెలంత తెల్లటి మచ్చలు వస్తాయి. అందుకని తెల్లవారగానే, ఎవరూ అడుగు పెట్టకముందే, గ్రీను మీద మంచు రాల్చాలి. దానికి సన్నటి పొడవాటి వెదురు గెడ ఉండేది. గెడని గడ్డి మీద ఆనీ ఆననట్టు అటూ ఇటూ ఊపుతూ నడిస్తే మంచు జల్లుమని రాలిపోయేది. మనం నడిచిన మేర పచ్చగా, నడవని మేర తెల్లగా కనిపించేది. చూడ్డానికి తేలిక. నాలుగు గ్రీన్లు చేసేసరికి భుజాలు పడిపోతాయి.

మిగతా గ్రీన్లు మాలీలు చూసుకునేవారు. తాతయ్య వంతు ఏడూ తొమ్మిదీ. ఆ ఏడాది ఆయనకి మోకాళ్ళు పట్టేశాయి. బడికి వెళ్ళేముందు ఆ పని చెయ్యమని ఇద్దరు మనవరాళ్ళకి అప్పగించారు. ఒకత్తి నేను. రెండోది మా పెద్దమ్మ కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్ద. రెండు కుటుంబాలవాళ్ళం పక్కపక్క క్వార్టర్లలోనే ఉండేవాళ్ళం. అక్కకి తొమ్మిది ఇచ్చారు. నాకు ఏడు.

అందులో అన్యాయం ఏముందని మీకు అనిపించవచ్చు. తొమ్మిదో గ్రీను క్లబ్బు వరండాకి ఎదురుగా ఉండేది. పొద్దున్నే ఎండ మొదట దాని మీదే పడేది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూసేదీ, మెచ్చుకునేదీ దాన్నే. ఏడోది మైదానం చివర, కాలవ గట్టు పక్కన, సరుగుడు చెట్ల వెనక. తొమ్మిదింటిదాకా దానికి ఎండ మొహం తెలియదు. అక్కడ మనిషి ఉన్నాడన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. పైగా అక్కకి ఆ చలికాలం కొత్త ఎర్ర స్వెట్టరు కొన్నారు. నాకు ఆవిడ పాతది, మోచేతి దగ్గర వేరే రంగు ఊలుతో అల్లి సరిచేసింది, వచ్చింది. గెడల్లో కూడా తిన్నగా ఉన్నది అక్కదే. నాది కొసన వంకర.

క్లబ్బు సెక్రటరీ గారు రోజూ వరండాలో కాఫీ తాగుతూ అక్కని చూసేవారు. "ఈ ఎర్ర స్వెట్టరు పిల్ల చెయ్యి మంచిదయ్యా" అన్నారు ఒకరోజు తాతయ్యతో. అదే రోజు గెడ భుజాన వేసుకుని వస్తున్న నన్ను చూసి, "నువ్వేంటమ్మా, ఇక్కడ తిరుగుతున్నావు?" అన్నారు. అప్పటికి నేను మూడు వారాలుగా ఆయన మైదానంలో మంచు రాలుస్తున్నాను. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ మాట మాత్రం నా దగ్గరే ఉంది.

జనవరి చివర్లో క్లబ్బు పోటీలు జరిగేవి. మొదలుపెట్టే రోజు పొద్దున్న హెడ్ మాలీ తనకి నచ్చిన గ్రీను మీద మొదటి బంతి గుంటలోకి వెయ్యాలి, ఆ తరవాతే ఆఫీసర్లు ఆడాలి. అది అక్కడి ఆనవాయితీ. ఆ ఏడాది తాతయ్య, "నా చెయ్యి వణుకుతోంది. మీ ఇద్దరిలో ఎవరి గ్రీను బాగుంటే వాళ్ళు వెయ్యండి" అన్నారు. ఆ క్షణం నుంచి నాకు నిద్రలో కూడా ఆ బంతే. సెక్రటరీ గారు చూస్తుండగా, ఆయన పెళ్ళాం పిల్లలు చూస్తుండగా, నేను కొట్టిన బంతి గుంటలో పడాలి.

అందుకని రోజూ మంచు రాలుస్తూ సరుగుడు చెట్ల సందుల్లోంచి తొమ్మిదో గ్రీను వైపే చూసేదాన్ని. అది నాదానికంటే పచ్చగానే కనిపించేది. నేను అక్క కంటే ముందు లేచేదాన్ని, రెండుసార్లు రాల్చేదాన్ని, రాలిన సరుగుడు ఈనెలు చేత్తో ఏరేదాన్ని. అయినా నా గడ్డి పాలిపోయినట్టే ఉండేది.

కాలవ అవతల రెండో పంటకి దాళ్వా నారుమళ్ళు వేసి ఉన్నాయి. ఒకాయన నీళ్ళు పెట్టిన మడిలో యూరియా చల్లడం గట్టు మీద నుంచి చూశాను. వారం తిరక్కుండా ఆ నారు నల్లబడేంత పచ్చగా తయారైంది. నాకు అంతకంటే చదువు అక్కర్లేకపోయింది. చేలో పాక పక్కన ఆయన విప్పి ఉంచిన బస్తాలోంచి నా క్యారేజీ గిన్నెడు తెచ్చాను. మర్నాడు చీకట్లు విడుతుండగా వెళ్ళి, మంచు రాల్చకుండానే చల్లేశాను. తడి ఉంటే త్వరగా కరిగి వేళ్ళకి దిగుతుందనుకున్నాను. చేలో నీళ్ళు నిలబడి ఉంటాయి, ఇక్కడ ఆకు మీద చుక్కలే ఉంటాయి. ఆ తేడా నాకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచి వరిని చూసినవాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన తప్పు అది.

మూడో రోజుకి ఏడో గ్రీను మాడిపోయింది. అంతా మాడినా బాగుండేది. నా గుప్పిట విసిరిన చోటల్లా నెలవంకల్లా గోధుమరంగు చారలు లేచాయి. తాతయ్య వచ్చి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, ఒక ఆకు తెంపి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశారు. కాసేపు చారల వంక చూశారు.

సెక్రటరీ గారి ముందుకి వెళ్ళి, "ఏడు మూసేశానండి. చలికి అలిసిపోయింది. దాని ముందు గడ్డి చిన్న గుండ్రంగా కోసి గుంట పెడతాను, పోటీలకి అది సరిపోతుందండి" అన్నారు. నేను నేల చదును చేసే రోలరు వెనక నిలబడి విన్నాను. "పోటీల ముందు గ్రీను మూసేస్తావా? నీకు వయసైపోయిందయ్యా" అన్నారు ఆయన. తాతయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "అవునండి" అన్నారు. ఆ మాట పడాల్సింది నేను. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కోపం మాత్రం సెక్రటరీ గారి మీదే వచ్చింది, ఇప్పటికీ ఆయన మీదే ఉంది.

మర్నాడు తాతయ్య మా గెడలు మార్చేశారు. "ఇవాళ్టి నుంచి నువ్వు తొమ్మిది చూసుకో. అక్క ఏడు చూసుకుంటుంది" అన్నారు. కారణం చెప్పలేదు. నాకు పండగైంది. తిన్నటి గెడ, ఎండ పడే గ్రీను, ఎదురుగా వరండా. నన్ను కన్నవాళ్ళు కూడా అంతకుముందు నాకు అడిగింది అడిగినట్టు ఇవ్వలేదు.

ఆ పండగ రెండు రోజులు నిలిచింది. తొమ్మిదో గ్రీను మీద మంచు నేను రాల్చకముందే ఎవరో ఒకరు అడ్డంగా నడిచి వెళ్ళేవారు. ఆ అడుగుల మేర గడ్డి అణిగిపోయి మధ్యాహ్నానికి నల్లబడేది. ఆఫీసర్ల పిల్లలు సైకిళ్ళు ఎక్కించేవారు. వంటమనిషి కాఫీ గిన్నెలు కడిగిన నీళ్ళు అంచు మీదే పారబోసేవాడు. అడ్డం వెళ్ళకండి అంటే, "నువ్వెవరమ్మా చెప్పడానికి?" అనేవారు. పనిలో సగం పొద్దు బతిమాలడంతోనే సరిపోయేది. ఇదంతా అక్క రెండు నెలలు ఎలా నెట్టుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. ఒక్కసారి కూడా మాతో చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు అసూయ కాస్త తగ్గేది కదా, అదీ ఆవిడ తప్పే అనుకున్నాను.

ఒకరోజు పని ముగించి ఏడో గ్రీను వైపు వెళ్ళాను. అక్క మోకాళ్ళ మీద కూర్చుని ఇనుప చువ్వతో మాడిన చారల వెంబడి నేలకి చిల్లులు పొడుస్తోంది. కాలవలోంచి నీళ్ళు తెచ్చి, చెంబుతో మెల్లగా పోసి, విషం కడుగుతోంది. అంచున దాచి పెంచిన గరిక దుబ్బులు తెచ్చి నాటుతోంది. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది. గుంట ఆనవాలుకి గ్రీను మధ్య పాతిన జెండా కర్ర మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. నీలంగా, ఎవరో అప్పుడే రంగు వేసినట్టుగా. కాసేపు కాలవలోకి చూసి, రివ్వున వెళ్ళి, చేపతో తిరిగొచ్చింది.

"రోజూ వస్తుందే. నువ్వు ఎంత అదృష్టవంతురాలివో. ఈ చోటు నీకిచ్చారని నేను ఏడవని రోజు లేదు" అంది అక్క.

నేను రెండు నెలలు ఆ గ్రీను మీద ఉన్నాను. ఆ పిట్టని ఒక్కసారి కూడా చూడలేదు. చూడడానికి తల అటు తిప్పితే కదా. సిగ్గు తరవాతెప్పుడో వచ్చింది. ముందు మాత్రం ఒళ్ళు మండింది. అది నా గ్రీను, నా జెండా, నా పిట్ట. నాది ఎత్తుకుపోయి ఆవిడ అనుభవిస్తోంది అనిపించింది.

పోటీల రోజు చలి ఎక్కువగా ఉంది. అందరి ముందు నిలబడతావు కదా అని అక్క తన ఎర్ర స్వెట్టరు తీసి నాకు తొడిగింది. అడగకుండానే ఇచ్చింది. తాతయ్య నా చేతికి కర్ర ఇచ్చి, "తొమ్మిదో గ్రీను నీదే కదమ్మా. వెయ్యి" అన్నారు. ఆ గడ్డి చలిని తట్టుకుని నిలబడింది అక్క చేతి వల్ల. నేను చూసుకున్నది మూడు వారాలే. ఆ మాట చెప్పి కర్ర అక్కకి ఇవ్వచ్చు. నేను ఇవ్వలేదు. బంతి కొట్టాను. అది మంచు రాల్చిన గడ్డి మీద తిన్నగా వెళ్ళి గుంటలో పడింది. చప్పట్లు మోగాయి. సెక్రటరీ గారు ముందుకొచ్చి నా తల మీద చెయ్యి వేసి, "ఎర్ర స్వెట్టరు పిల్ల చెయ్యి మంచిదని నేను డిసెంబరులోనే చెప్పాను" అన్నారు.

అంత మందిలో, నేను అంతగా కోరుకున్న మెప్పు, నా తల మీదుగా అక్కకి వెళ్ళిపోయింది. అక్క నా పాత స్వెట్టరులో వెనక నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను ఏడో గ్రీను దగ్గరికి తీసుకెళ్ళారు. చారలు ఇంకా పూర్తిగా మానలేదు. ఆయన ఎడమ చెయ్యి చాచి, ఉత్త గుప్పిటతో, ఆ చారల వెంబడే చల్లినట్టుగా ఊపారు. నాది ఎడమచేతి వాటం. కుడిచేత్తో విసిరితే ఆ వంపు అటు తిరగదు. మొదటి రోజే ఆయనకి తెలిసిపోయిందన్నమాట. తరవాత నా వంకర గెడ నా చేతికిచ్చి, "చలికాలంలో గడ్డి పెరగదమ్మా. పెరగమని తొందరపెట్టకూడదు. ఉన్నది పోకుండా కాచుకోవడమే ఈ నాలుగు నెలల పని" అన్నారు. అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాఘం వెళ్ళాక అంచుల నుంచి గరిక తీగలు సాగాయి. చారలు అన్నిటికంటే ఆఖరున మూసుకున్నాయి.

ఇప్పుడు రాజమండ్రిలో మా ఇంటి ముందు నాలుగు మంచాలు పట్టేంత గరిక ఉంది. చలికాలం పొద్దున్నే సన్న గెడతో దాని మీద మంచు రాలుస్తాను. పక్కింటివాళ్ళు నర్సరీ నుంచి చుట్టలుగా తెచ్చి పరిపించిన గడ్డి నాదానికంటే పచ్చగా ఉంటుంది. గోడ మీదుగా చూడకుండా ఉండలేను. అక్క భీమవరంలో ఉంటుంది. ఫోను చేసినప్పుడల్లా, ఆ లకుముకి పిట్ట రోజూ వచ్చేది గుర్తుందా అంటుంది. వంకర గెడ తిరిగి నా చేతికి వచ్చాక మిగిలిన చలికాలమంతా ఏడో గ్రీను మీద కాశాను, నాకు రెండుసార్లే కనిపించింది. ఆవిడకి రోజూ ఎందుకు కనిపించిందో ఇప్పటికీ మింగుడుపడదు. కానీ పక్కింటి గడ్డి వంక చూస్తున్నానని తెలియగానే గెడ ఆపి, గబుక్కున మా గేటు వైపు, పంపు వైపు, బట్టల తీగ వైపు తల తిప్పుతాను. నేను అటు చూస్తుండగా ఇటు ఏ పిట్టైనా వచ్చి వెళ్ళిపోతుందేమోనని.