గిలకపాముకు దిష్టి తగిలిన వైనం

ఆ రోజుల్లో నాకు లోకంలోని కష్టాలన్నీ ఒక ముద్ద ఎక్కువ తింటే తీరిపోతాయని గట్టి నమ్మకం. కాదన్నవాళ్ళకు కూడా ఒక ముద్ద పెట్టి నోరు మూయించే ఇంట్లో పుట్టినదాన్ని మరి. వేల్స్‌లోని కార్డిఫ్‌లో జంతుశాస్త్రంలో మాస్టర్స్ ముగించి, ఊరి బయట ఒక చిన్న జూలో పాముల విభాగంలో ట్రైనీగా చేరినప్పుడు ఆ నమ్మకాన్ని కూడా వెంట తీసుకెళ్ళాను. అక్కడ నాకు అప్పగించిన మొదటి ప్రాణి ఒక పిల్ల గిలకపాము, అంటే రాటిల్‌స్నేక్. అప్పగించారంటే ముట్టుకోనిచ్చారని కాదు. అది విషప్పాము, తాళంచెవి మా విభాగం పెద్దాయన నడుముకే వేలాడేది. తెల్ల గడ్డం, రోజుకు పది మాటలకు మించని మౌనం చూసి ఆయనకు నేను ‘ముని’ అని పేరు పెట్టుకున్నాను (ఆయనకు తెలియదు, తెలిసినా ఏమీ అనేవాడు కాదు). గాజుపెట్టెలో వేడి ఎంతుందో చూడటం, ఫ్రీజర్‌లోంచి తీసిన చిట్టెలుకను గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి సిద్ధం చేయడం నా పని. పొడవాటి పట్టకారుతో అందించడం ముని పని. తినడం పాము పని. మా ఇద్దరి పనీ సక్రమంగానే సాగేది.

పాము మాత్రం తినలేదు. బొటనవేలంత లావున చుట్టచుట్టుకుని, ఎలుకను ముక్కు ముందు ఆడిస్తే మొహం పక్కకు తిప్పుకునేది. అంత పసిదానికి తోక చివర గిలక ఇంకా కట్టదు, ఒక చిన్న బొత్తాంలాంటిది మాత్రం ఉంటుంది. కాబట్టి తోక తెగ ఆడించేది గానీ చప్పుడు సున్నా. ఫోన్‌లో అక్కడి మున్సిపల్ కౌన్సిల్ వాళ్ళతో నేను పోట్లాడినట్టే ఉండేది వ్యవహారం. పశువుల డాక్టరు వచ్చి చూసి, శుక్రవారం దాకా ఆగుదామని, అప్పటికీ తినకపోతే గొంతులోకి సన్నటి గొట్టం దించాల్సి వస్తుందని, ఇంత చిన్న ప్రాణం దాన్ని తట్టుకుంటుందని హామీ ఇవ్వలేనని చెప్పి వెళ్ళింది. “వదిలెయ్, లవ్లీ. దానంతట అదే తింటుంది” అన్నాడు ముని (ఆ వైపు వాళ్ళు ‘లవ్లీ’ అంటే మన ‘అమ్మా’ అన్నట్టే లెండి). పస్తున్న బిడ్డను వదిలెయ్యడమేమిటి, ఈయనకు బొత్తిగా మనసు లేదు అనుకున్నాను.

ఆ రోజు నుంచి టీ బ్రేకు, లంచ్ బ్రేకు, డ్యూటీ చార్టు ప్రకారం నా పని ముగిశాక మిగిలిన సమయం, అన్నీ ఆ గాజుపెట్టె ముందే. కుర్చీ లాక్కుని ముక్కు గాజుకు ఆనించి కూర్చునేదాన్ని. “తిను నాన్నా, ఒక్క ముద్ద, ఇదొక్కటే” అని బతిమాలేదాన్ని. నన్ను చూడగానే అది తోక ఆడించేది. తోక ఆడించడం బెదిరింపు అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, అయినా నా విషయంలో మాత్రం అది స్నేహమని నిశ్చయించుకున్నాను. చదువు వేరు, ప్రేమ వేరు.

నేను గది అద్దెకు తీసుకున్నది ఒక హైదరాబాదు కుటుంబం ఇంట్లో. ఆ ఇంటి ఆంటీకి బల్లి అన్నా హడలే. దీపం పెట్టాక ‘పాము’ అనే మాటే నోట రానిచ్చేది కాదు, ‘పురుగు’ అనేది. అలాంటి మనిషి, ఒక ప్రాణి తిండి మానేసిందని తెలియగానే భయం పక్కన పెట్టేసింది. నేను గుమ్మంలో బూట్లు విప్పకముందే “పురుగు తిన్నదా?” అని అడిగేది.

“లేదు ఆంటీ.”

“అసలు ఏం పెడ్తున్నరు బిడ్డా?”

“ఎలుక పిల్ల ఆంటీ. ఫ్రీజర్‌లోంచి తీసి వేడి చేసి పెడుతున్నాం.”

“అగో! ఫ్రిజ్జుల దాసింది పెడ్తే ఎవరు తింటరు? మా ఇంట్ల నిన్నటి పప్పు పెడ్తే మీ అంకులే ముట్టడు.”

గురువారం పొద్దున ఆంటీ నా లంచ్ డబ్బాతో పాటు ఇంకో చిన్న డబ్బా చేతిలో పెట్టింది. లోపల రాళ్ళ ఉప్పు, ఎండుమిరపకాయలు. “ఇది దిష్టే బిడ్డా. మూడు సార్లు తిప్పు. పొయ్యిల ఎయ్యాలె గని, అక్కడ అలారం మోగితే ఫైరింజన్ వస్తది, బయట బిన్నుల పడెయ్” అంది. నేను నవ్వలేదు. మర్నాడు శుక్రవారం, గొట్టం తప్ప వేరే దారి లేదు. ఆ స్థితిలో నన్ను ఎవరు ఏం చేయమన్నా చేసేదాన్ని.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గుప్పిట బిగించి, గాజుపెట్టె చుట్టూ తిప్పుతూ “ఇరుగుదిష్టి, పొరుగుదిష్టి” అని గొణుగుతున్నాను (ఇరుగున ముసలి కొండచిలువ, పొరుగున ఖాళీ పెట్టె). రెండో తిప్పు దగ్గర వెనక తలుపు చప్పుడైంది. ముని. నా గుప్పిట్లో ఉప్పు, మిరపకాయలు. దాచిపెట్టడానికి జేబు కూడా దొరకలేదు. చేసేది లేక, పసివాళ్ళకు ఎవరి చూపైనా తగిలితే తిండి సహించదని, మా వైపు ఆ దిష్టి ఇలా తీస్తారని, తడబడుతూ చెప్పాను. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

ముని నవ్వలేదు. గడ్డం నిమురుకున్నాడు. “ఎవరి చూపు?” అని అడిగాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే.

“ఏమో. సందర్శకులది కావచ్చు.”

“ఈ గదిలోకి సందర్శకులు రారు కదా.”

అవును, రారు. ఆయన నా కుర్చీ వైపు చూశాడు. గాజు మీద నా ముక్కు ఆనిన చోట పడ్డ మరక వైపు చూశాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు, ఎంతో జాలిగా.

“మీ పద్ధతిలో ఏదో నిజముంది, లవ్లీ” అన్నాడు. నా కంటే ముందు నా చెవులకు సిగ్గేసింది, భగ్గున మండాయి. ఆయన వెచ్చటి ఎలుకను పట్టకారుతో లోపల పెట్టి, తాళం వేసి, వంటగదిలోంచి పాత తువ్వాలు తెచ్చి గాజుకు అడ్డంగా కప్పాడు. లైటు ఆపి, నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

శుక్రవారం పొద్దున డాక్టరు రాకముందే ముని తువ్వాలు అంచు వేలితో కాస్త ఎత్తాడు. ఎలుక లేదు. పాము నడుము దగ్గర చిన్న ఉబ్బు, దాని మొహంలో ఎవరి పట్లా ఏ కృతజ్ఞతా లేదు. నేను ఇంకా వంగి చూడబోయేలోపు తువ్వాలు దించేసి, “చాలు” అన్నాడు. నేను స్టాఫ్ టాయిలెట్‌లోకి వెళ్ళి హాయిగా ఏడ్చాను.

సాయంత్రం ఆంటీకి మొత్తం చెప్పాను, దిష్టి నాదేనని కూడా. ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “కన్నతల్లి దిష్టే అన్నిట్ల చెడ్డది బిడ్డా” అంది. అన్నం, పచ్చిపులుసు, వేపుడు నా ముందు పెట్టి, అలవాటుగా ఎదురు కుర్చీలో కూర్చోబోయి, ఏదో తట్టినట్టు లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. “నేను చూస్త లేను. నువ్వు తిను” అంది. ఆ వారమంతా నేను సరిగ్గా తినలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆ పాము పెద్దదై వేరే జూకి వెళ్ళిపోయింది. నేను పెంచాననుకున్న మొదటి ప్రాణి నన్ను ఒక్క రోజూ గుర్తుపట్టలేదు, ఇష్టపడనూ లేదు. ఇప్పుడు తాళంచెవులు నా నడుముకే ఉన్నాయి. ఏ పిల్లపాము తిండి మానేసినా తువ్వాలు కప్పేసి నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోతాను, అది మర్నాటికి తింటుంది కూడా. పని వచ్చినదాన్ని అయిపోయాను. కానీ ఒక్కోసారి, గుప్పెడు ఉప్పు పట్టుకుని విషప్పాము చుట్టూ తిరిగిన ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది. అంత భయపడుతూ అంతగా ప్రేమించడం నాకిప్పుడు చేతకాదు.