దమ్ము, మామూలు ‘ద’తోనే

నిన్న పొద్దున హాస్టల్ నుంచి ఫోన్. నరేశ్ పోయాడట.

మామూలు జ్వరమే కదా అనుకున్నాం. డెంగ్యూ అన్నారు, ప్లేట్‌లెట్స్ పడిపోయాయన్నారు. వాడికి ఇరవై ఆరేళ్లు.

ఫోన్ పెట్టేశాక నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెబితే మీరంతా తిడతారు. అయినా చెబుతాను.

ఇక వీణ్ణి నేను ఎప్పటికీ ఓడించలేను.

మా సండే గ్యాంగ్‌కి తెలుసు, మిగతా వాళ్ల కోసం చెబుతున్నాను. చిక్కడపల్లిలో మా మేడ మీద గదిలో మేం ఆడేది కత్తియుద్ధాల బోర్డ్ గేమ్. చార్ట్ మీద గళ్లు, పాచికలు, రాజులు, రాక్షసులు. ఆ ఆట నాది. రూల్స్ నావి. మూడేళ్లు కూర్చుని రాశాను.

మూడేళ్లూ ఒక్కచోటే ఇరుక్కుపోయాను. ఇనుప కవచం బాగా కాపాడితే అందరూ అదే వేసుకుంటారు, ఎవరూ చావరు, ఆట తెమలదు. దాని బరువు పెంచితే ఎవరూ ఆ జోలికే పోరు. బలానికి పాయింట్లు, కవచానికి పాయింట్లు, అలసటకు వేరే పాయింట్లు. ఒక్క దెబ్బ కొట్టాలంటే క్యాలిక్యులేటర్ తీయాలి. మావాళ్లు ఆవలించేవాళ్లు.

ఒకరోజు లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో ఆ పట్టికలు ముందేసుకుని కూర్చుంటే, పక్క కుర్చీలోని బక్క మనిషి తొంగిచూశాడు. నరేశే. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు.

“అక్కా, గిది ఏ ఎగ్జామ్ సిలబస్?”

నవ్వొచ్చింది. అంతా వివరించాను. అదే నేను చేసిన తప్పు.

“మా దిక్కు బలమున్నోన్ని దమ్మున్నోడంటరు. ఉరికితే దమ్మొస్తదంటరు. రెండిటికి ఒకటే మాట ఉండంగ నీకు రెండు లెక్కలెందుకక్కా?”

బలమూ దమ్మే, ఆయాసమూ దమ్మే. నాకు మూడేళ్లు. వాడికి పది నిమిషాలు.

ఆ ఆదివారం జేబు నిండా చింతగింజలతో వచ్చాడు. బలవంతుడికి పన్నెండు గింజలు, బక్కవాడికి ఎనిమిది. అదే దమ్ము. కత్తి విసిరితే ఒక గింజ పోతుంది. ఇనుప కవచం వేసుకుంటే ప్రతి అడుగుకీ ఒక గింజ పోతుంది. గింజలు అయిపోతే చెయ్యి లేవదు.

అంతే. క్యాలిక్యులేటర్ లోపల పెట్టేశాను.

నా సేనాపతికి నిలువెల్లా ఇనుము. వాడిది గొంగడి కప్పుకున్న గొర్లకాపరి, చేతిలో కర్ర. ఆ కాపరి నా సేనాపతిని బోర్డంతా తిప్పి, నా పన్నెండో గింజ పోయాక దగ్గరికొచ్చి ఒక్కటి వేశాడు. అందరూ చప్పట్లు. కాఫీ తెచ్చిన మా అమ్మ కూడా.

కడుపు మండిపోయింది.

అయినా లోపం పట్టుకున్నాను. ఇలాగైతే అందరూ గొంగడే కప్పుకుంటారు, ఇక కవచం ఎవరికి కావాలి? దొరికాడు అనుకుని అదే అడిగాను.

“ఒక వంతు ఊకె నిలవడి దమ్ము తీస్కుంటే సగం గింజలు వాపస్ రావాలె. గప్పుడు వాన్ని ఎవ్వలు కొట్టొద్దు.”

యుద్ధంలో ఎవరైనా ఆగుతారా అని మూడు వారాలు గొడవ పెట్టుకున్నాను.

“దమ్ము తీస్కునేటోన్ని కొట్టుడు కొట్లాట గాదక్కా.”

ఆడి చూస్తే నిజమే. కవచమూ నిలిచింది, గొంగడీ నిలిచింది. వరుసగా రెండుసార్లు దమ్ము తీసుకోకూడదన్నది మాత్రం నేను చేర్చాను. ఈ రోజు కూడా ఆ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను, చూశారా.

అప్పట్నుంచి ఆదివారం అయితే చాలు, “ఆ అబ్బాయి రాలేదేంటే?” అని అమ్మ గుమ్మంలో నిలబడేది. సొంత కూతురు తిన్నదా అని అడిగిన పాపాన పోలేదు. నిన్నటి నుంచి అమ్మ అన్నం ముట్టలేదు. నాకోసం ఇలా ఏడుస్తుందా అని కూడా అనిపించింది. ఛీ.

అసలు సంగతి ఇది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది నారాయణగూడలో రూల్స్ పుస్తకం నలభై కాపీలు జెరాక్స్ తీయించాను. అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘ఆట, నియమాలు’ అని రాసి, దాని కింద నా పేరు ఒక్కటే వేసుకున్నాను. వాడి పేరు చివరి పేజీలో, థ్యాంక్స్ చెప్పిన వాళ్లలో నాలుగోది. పాచికలు ఇచ్చిన మా పిన్ని కొడుకు తర్వాత.

షాపు దగ్గరే వాడి చేతికి ఒక కాపీ ఇచ్చి, ఏమంటాడోనని ఎదురుచూశాను. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

అట్ట చూశాడు. లోపల మొత్తం చదివాడు.

“అక్కా, అంతట ‘ధమ్ము’ అని వడ్డది. ఒత్తు ద రాదు. మామూలు ద నే.”

అంతే అన్నాడు. జెరాక్స్ షాపు మెట్ల మీద కూర్చుని, నా పెన్ను అడిగి తీసుకుని, నలభై కాపీల్లోనూ దిద్దాడు.

నలభై సార్లు ఆ అట్ట తెరిచాడు. నలభై సార్లు నా పేరు చూశాడు.

ఒక్క మాట అని ఉంటే పోట్లాడేదాన్ని. ఆ మంచితనం మీద కూడా కుళ్లుకున్నాను, నరేశ్. నాకు అంత దమ్ము లేదు.

ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. దమ్ము రూల్ నీది. దాంతోనే నా ఆట ఆట అయింది. కొత్త అట్ట మీద నీ పేరు ముందు, నా పేరు తర్వాత.

ఇక కవచం విప్పెయ్ తమ్ముడూ. ప్రశాంతంగా దమ్ము తీసుకో.

వరుసగా ఎన్నిసార్లయినా తీసుకో. నా రూల్ కొట్టేశాను.