నారు సారు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మేడ్చల్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, నేనొక గొప్ప నవలా రచయితనని నమ్మేవాణ్ణి. (నమ్మింది నేనొక్కణ్ణే.) అప్పుడే మా కాలేజీకి నార్వే నుంచి ఒకాయన అతిథిగా వచ్చాడు. తను నవలలు రాస్తాడు, పక్కవాళ్ల నవలల్లో తప్పులూ పడతాడు. ఆయన ఒక్క ముక్క మెచ్చుకుంటే నా నవల అచ్చేస్తానన్నాడు ప్రెస్సాయన. ఇంకేం, మొదటి భాగాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఆయన చేతిలో పెట్టి, పల్లెటూరు చూపిస్తానని జీపెక్కించి, లాల్‌గడి మలక్‌పేట్‌లో మా చిన్నాయిన పొలానికి బయల్దేరదీశాను.

"నార్వే సారొస్తుండు" అని ముందే కబురంపాను. అందులోని "వే" షామీర్‌పేట దగ్గరే ఎక్కడో జారిపోయినట్టుంది, ఊళ్లోకి మాత్రం "నారు సారు" చేరాడు. నారుమడి ఎర్రబడి పరేషాన్‌లో ఉన్న రైతులంతా గట్టు మీద కాచుకొని ఉన్నారు. ఆయన దిగీ దిగగానే చిన్నాయిన గుప్పెడు నారు పీకి చేతిలో పెట్టాడు.

"సారూ, జర జూడున్రి. గిట్లెందుకయితాంది?"

ఒక చేతిలో నారు, ఇంకో చేతిలో నా కాగితాలు. దారంతా చదివింది ఇక కడుపులో ఆగలేదేమో, ఆయన నావైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"ఏమంటుండు బిడ్డా?" అన్నాడు చిన్నాయిన.

నా ప్రాణం ఉసూరుమంది. అయినా నోరు దానంతటదే తెలుగు చేసేసింది. "మస్తు ఒత్తుగున్నదంట. నీళ్లెక్కువైనయంట. తీసెయ్యాలంట."

"గదే! నేను జెప్తనే ఉన్న!" అంటూ ఒకాయన అప్పుడే మడికి గండి కొట్టాడు.

"ఇంకేమంటుండు?"

"అవ్వను తీసెయ్యాలంట. అవ్వతోనే అంత ఆగమైందంట." (నా నవలలో మొదటి అధ్యాయమంతా అవ్వే మరి.)

అందరూ గట్టు మీద చుట్ట కాలుస్తున్న మా అవ్వ వైపు తిరిగారు.

"నేనేం జేసిన్రా? ఉత్తగ గూసున్న గదా!"

"సారు జెప్పిండంటే ఏదో ఉంటది. లే అవ్వా, జల్దీ లే," అని చిన్నాయిన ఆమెను రెక్క పట్టుకొని లేపాడు.

ఆ పెద్దావిడకు ఏమైందని అతిథి కంగారుగా అడిగాడు. నాకు ఇంగ్లీషు రాలేదు.

కొన్నాళ్లకు నారు పచ్చబడింది. నవల అచ్చు కాలేదు. నీళ్లు కొంత తీశాను గానీ అవ్వను తీయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు ఆ మడి ప్లాట్లయింది, అవ్వా లేదు. ఎప్పుడైనా ఆ పాత కాగితాలు తెరిస్తే, ఆ కాలపు నా గొప్పలకు నవ్వొస్తుంది, అవ్వను చూసి కళ్లు తడుస్తాయి. మొదటి పేజీలోనే చుట్ట వెలిగించుకొని ఉంటుంది, ఉత్తగ గూసున్న గదా అన్నట్టు.