పారశీక దేశం గురించి రత్నావతి రాసిన వ్యాసం

మలయాలోని ఇపో పట్నంలో కాంతయ్య అచ్చాపీసు నుంచి వచ్చే తెలుగు వారపత్రికలో రాతంతా అతని చెల్లెలు రత్నావతిది. భర్త పోయాక అన్న దగ్గరికి చేరిన మనిషి. తెల్లదొరల సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన రోజులవి. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సోదాలు. పత్రిక నడవాలంటే సర్కారు అనుమతి ఉండాలి.

ఆ వారం ఆమె పారశీక దేశం గురించి రాసింది. దాదాపు యాభై ఏళ్ల కిందట అక్కడి జనం రాజ్యాంగం కావాలన్నారు. ఆ మాటను పత్రికలు ఊరూరా చేర్చాయి. అక్కడి రాజు షా పార్లమెంటు మీద ఫిరంగులు పేల్పించి, ఒక సంపాదకుణ్ణి చంపించాడు.

వ్యాసం రబ్బరు తోటల్లోని తెలుగు కూలీల దాకా పాకింది. పోలీసులు వచ్చి, ఎవరు రాశారని అడిగితే, కాంతయ్య "నేనే" అన్నాడు. అతన్ని జీపెక్కించారు. ఉబ్బసం మనిషి, లాకప్పులో బతకడు. రత్నావతి వెనకే స్టేషనుకు వెళ్లింది.

"రాసింది నేను. మా అన్నని ఒగ్గీండి."

దుబాసీ వేలాయుధానికి తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు. "దొర చదవమంటున్నారు. నేను ఇంగ్లీషులో చెప్తాను" అన్నాడు.

ఆమె చదవసాగింది. సంపాదకుడి చావు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఆ పేరా వదిలేస్తే ఇక్కడ పట్టుకునేవాడు లేడు. వదిలెయ్యమని అన్న కళ్లతోనే బతిమాలుతున్నాడు. నిజం చెప్పినందుకు చచ్చిన మనిషిని తానూ దాచెయ్యడమా? చదివేసింది.

తెల్లదొర పెన్సిలు కింద పెట్టాడు. "ఇక్కడ ఆ రాజు ఎవరని అడుగుతున్నారు" అన్నాడు వేలాయుధం.

"ఆ దేశం సంగతే రాసినాను. ఇక్కడ ఎవరో దొరగారికే తెలవాల."

వేలాయుధం మొదటి వాక్యం మాత్రమే ఇంగ్లీషులో చెప్పాడు. అయినా దొర కరగలేదు. కాంతయ్యను వదిలి ఆమెను నిర్బంధించారు. పత్రిక అనుమతి రద్దయింది.

నెలలు గడిచాక ఆమె చిక్కి శల్యమై బయటికొచ్చింది. గేటు దగ్గర కాంతయ్య ఏడ్చేశాడు. "ఇంకొద్దమ్మా. అచ్చాపీసు అమ్మేత్తాను."

"అమ్మీకు అన్నా. సొతంత్రం వత్తంది. ఈ దేశానికీ రాజ్యాంగం రాత్తన్నారు. తోటల్లో మనోళ్లకి పౌరసత్వం ఎలాగొత్తాదో ఎవులు సెప్తారు?"

అతను అచ్చాపీసు అమ్మలేదు. ఆ నెలలోనే పత్రిక అనుమతికి మళ్లీ అర్జీ పెట్టారు. రెండుసార్లు తిప్పి పంపారు. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలో గాని అనుమతి రాలేదు. వచ్చిన వారమే ఆమె పౌరసత్వం మీద రాయడం మొదలుపెట్టింది. వీధిలో జీపు చప్పుడైతే చెయ్యి ఆగేది. అది దాటిపోయాక మళ్లీ రాసేది.