ఒంటికన్ను తాబేలు మళ్ళీ ఈదిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మైపాడులో మధ్యాహ్నాలన్నీ మా తాతయ్యవి. చేపల వేటకు వెళ్ళే వయసు దాటాక ఆయన ఇంటి ముందు పందిట్లో కూర్చుని మా నాయన వలలు బాగుచేసేవాడు. చేతులు వలకు, నోరు నాకు. ఆ నోటి నుంచి రెండేళ్ళపాటు, రోజుకు కాస్త చొప్పున, ఉప్పుకోట రాకుమారి కథ వచ్చింది. సముద్రం అడుగున ఉప్పుతో కట్టిన కోట, దాన్ని కరిగించాలని చూసే మంచినీళ్ళ మాంత్రికుడు, రాకుమారిని వీపున మోసే ఒంటికన్ను తాబేలు. వాడలో పిల్లలందరికీ రాకుమారి ఇష్టం. నాకు తాబేలు ప్రాణం. లెక్కల్లో నాదీ దాని వేగమే మరి.

చివరి రోజున మాంత్రికుడు వరద తెచ్చాడు. తాబేలు కోట తలుపుకు అడ్డంగా పడుకుని రాయైపోయింది. కోట నిలిచింది, కథ కంచికి వెళ్ళింది. నేను ఒడ్డుకు పరుగెత్తి, నాయన పడవ మీద చెయ్యేసి, “రాకుమారి కథ జన్మలో వినను, ఒట్టు!” అని అరిచి వచ్చాను.

మా ఇళ్ళలో పడవ మీద ఒట్టంటే ఆషామాషీ కాదు. తప్పితే వలలో చేప పడదు. నా కోపం నాలుగు రోజుల్లో చల్లారింది గాని ఒట్టు చల్లారలేదు. కథ మళ్ళీ వింటే నాయన ఉత్త చేతులతో వస్తాడు, వినకపోతే నాకు అన్నం సయించదు. తాతయ్య పందిట్లో ఉంటే నేను పెరట్లో ఉండేదాన్ని. అలా ఏడాది గడిచింది.

ఒకనాడు పక్కింటి అక్క చేపలు ఎండకేసి వచ్చి పందిట్లో చతికిలబడింది. తాతయ్య ఆమెకు ఉప్పుకోటలో వంటచేసే ఆమె కథ ఎత్తుకున్నాడు. కోటంతా ఉప్పే కదా, ఒక్కపూటైనా చప్పటి పులుసు కాచాలని ఆమె కోరికట. నేను గోడ వెనక నిలబడి చెవులు మూసుకున్నాను, వేళ్ళ మధ్య సందులు వదిలి.

“అప్పుడా కుడికన్ను లేని తాబేలు వంటింట్లోకి వొచ్చి...” అన్నాడు తాతయ్య.

“కుడి కాదు, ఎడమ!” అని అరిచాను.

అరిచాక ఒట్టు గుర్తొచ్చింది. ఏడుస్తూ పందిట్లోకి వెళ్ళాను. “ఒట్టు తప్పినాను తాతా! నాయన వలలో ఇంక చేప పడదు!”

“ఏడాదిగా నోరు కట్టుకోనుండె పిల్ల తాబేలు కన్నుకాడ దొరికిపోయిందే!” అని అక్క పకపకా నవ్వింది.

“ఎందుకు పడదమ్మే?” అన్నాడు తాతయ్య. “నువ్వు ఒట్టు పెట్టింది రాకుమారి కథకు గదా. ఇది వంటామె కథ. రాకుమారి ఇందులో కాలు గూడా పెట్టదు.”

“మరి తాబేలు రాయైపోయినాది గదా?”

ఆయన వల చిరుగు చుట్టూ నలిగిన దారాలన్నీ కత్తితో కోసేస్తున్నాడు. చిరుగు ఇంకా పెద్దదైంది. “తెగినకాడ ముడి నిలవదు. గట్టి వలకన్ను దొరికిందాకా ఎనక్కి పోయి, ఆణ్ణించి అల్లాల. ఈ కథ వరదకు ముందు సంగతి. అది ఈదతానే ఉండాది.”

కూర్చున్నాను. చిన్న కథ, నాలుగు వలకళ్ళు అల్లేలోపే అయిపోయింది. వంటామె చప్పటి పులుసు కాచింది. తాబేలు ఒక గుక్క తాగి, ఉన్న ఒక్క కన్నూ గట్టిగా మూసుకుంది. వరద ఎప్పటికైనా వస్తుందని నాకు తెలుసు. తెలిసీ నవ్వాను.

మర్నాడు పొద్దున్నే ఒడ్డున నిలబడ్డాను. నాయన ఎప్పుడూ తెచ్చేన్ని చేపలే తెచ్చాడు, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. అంత అందమైన చేపల్ని నేను మళ్ళీ చూడలేదు.

తాతయ్య ఆ రెండేళ్ళలో తాబేలు కన్ను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని నాకు తట్టేసరికి పెళ్ళయిపోయింది. నా వేగం ముందే చెప్పాను.

మొన్న మా మనవరాలి దగ్గరికి ఒక సన్నటి పుస్తకం వచ్చింది. కొన్నేళ్ళ కిందట ఆమె ఏడు లావుపాటి సంపుటాల మాయాలోకం కథ చదివింది. చివర్లో ఇష్టమైన గుర్రం చచ్చిపోయిందని ఏడింటినీ మంచం కిందికి తోసేసింది. ఇన్నేళ్ళకు అదే లోకంలో గుర్రాలశాల ఊడ్చే ఆమె కథ విడిగా వచ్చింది. “నాకొద్దవ్వా” అని వెళ్ళి తలుపేసుకుంది. నేను తలుపు పక్కన కుర్చీ వేసుకుని, పుస్తకం తెరిచి, “ఆ నల్లగుర్రం...” అని గట్టిగా చదివాను. తలుపు తెరుచుకుంది. “తెల్లది అవ్వా, తెల్లది!”

అలిగినవాళ్ళ దగ్గరికి నేను ఇప్పటికీ ఇలాగే, చేతిలో ఒక చిన్న తప్పు పట్టుకుని వెళతాను. దిద్దడానికైనా వాళ్ళు నోరు తెరుస్తారు. నా తప్పుల్లో కావాలని చేసినవి ఏవో మా ఆయనకు మాత్రం ఇంతవరకు అంతుపట్టలేదు. అన్నీ అవేనని చెప్పి ఉంచాను.