తగ్గింది

మా అక్క భర్త మెసేజ్ రాస్తే మూడో మాట ఉండదు. పెళ్లిపత్రిక ఆయన చేతికిచ్చి ఉంటే ముహూర్తం ఒక్కటే రాసి పంచేవాడు. అలాంటి మనిషి చేతిలో మా అక్క గుండె కబుర్లు పడ్డాయి.

నేను కెనడాలోని సర్రీలో చదువుకుంటున్న రోజులవి. ఏ కాలేజీలో అడుగుపెట్టినా మన పిల్లలే కనిపించేవారు. ఆరుగురం ఆడపిల్లలం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఆ ఏడాదే కరీంనగర్‌లో ఉన్న అక్కకు గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే చోట వాల్వ్ పాడైంది. హైదరాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి కొత్తది పెట్టించారు. సెమిస్టర్ మధ్యలో ఉండి నేను వెళ్లలేదు.

అక్క నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. జడ వేస్తూ తిట్టేది, అన్నం పెడుతూ తిట్టేది. ఇక్కడేమో కాలు తొక్కించుకున్నవాళ్లు కూడా సారీ చెబుతారు. తిట్టేవాళ్లు లేక ముఖం వాచిపోయాను. ఆపరేషన్‌కు ముందు నెలల్లో అక్క ఫోన్‌లో తిట్టబోయి, ఆయాసంతో సగంలో ఆగిపోయేది. ఒక్కసారి పూర్తిగా తిడితే చాలు దేవుడా అనుకునేదాన్ని.

వాల్వ్ మార్చినంత మాత్రాన గుండె వెంటనే కోలుకోదట. గుండె ఒత్తిడిలో ఉంటే బీఎన్‌పీ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుందని, అది తగ్గాలని డాక్టర్ చెప్పారు. స్కానింగ్‌లో పంపింగ్ పెరగాలి. మూడు నెలలకు రెండు పరీక్షలూ చేయించారు.

ఆ ఉదయం కాఫీ షాపులో షిఫ్టుకు వెళ్తూ స్కైట్రైన్‌లోంచి, "బావా, పంపింగ్ ఎట్లుంది?" అని మెసేజ్ పెట్టాను. రెండు స్టేషన్లు దాటాక జవాబొచ్చింది.

"తగ్గింది."

నేను దిగాల్సిన స్టేషన్ వెళ్లిపోయింది. అందరి మధ్యా నిలబడి ఏడ్చాను. అక్కను మళ్లీ చూడనేమో అనిపించింది. చివరి స్టేషన్‌లో బెంచీ మీద కూలబడి వీడియో కాల్ చేశాను. అక్కే ఎత్తింది.

"పంపింగ్ తగ్గిందట కదక్కా..."

"ఎవలన్నరే? పంపింగ్ పెరిగింది! తగ్గింది రక్తంల నంబరు. మీ బావ నువ్వు అడిగింది సక్కగ సదివిండా ఏంది, చేతుల ఉన్న కాగితం చూసి రాసిండు. ఏంది తగ్గిందని మళ్ల అడగొద్దా? గంత దూరం పోయి గిదేనా నేర్సుకున్నది? ఆ కండ్లేంది, ఆ తలేంది, దువ్వెన దొరకదా ఆడ? పొద్దుగాల ఏమన్న తిన్నవా, ఉత్త కాఫీ తాగి ఉరికినవా?"

ఆయాసం ఎక్కడ వస్తుందోనని చెవులు రిక్కించి విన్నాను. రాలేదు. ఒక్క గుక్కలో నన్ను కడిగేసింది. షిఫ్టుకు అప్పటికే ఆలస్యమైంది, అయినా లేవబుద్ధి కాలేదు.

నా ముఖం చూసి చివరికి ఆమే మెత్తబడింది.

"నాకైతే తగ్గిందే. నీ బెంగ తగ్గిందా?"

"తగ్గలేదక్కా," అన్నాను. "ఇంకొంచెం తిట్టు."